మొట్టమొదట పన్ను కట్టినవాడు ఎందుకు కట్టాడు?

పలకాబలపం
ఆదివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. మొన్న శుక్రవారం ఆఖరి పీరియడు, మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్ ప్రాంతం) పాఠం. రెండు నదులు, జిగ్గురాతు, మట్టిపలకలు, హమ్మురాబి... ఏటా చెప్పేదే చెప్పుకుంటూ పోతున్నాను. "పండినదాంట్లో కొంత గుడికీ రాజుకీ ఇచ్చేవారు" అన్నాను. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది.

"టీచర్, రాజు పుట్టకముందు ఎవరికిచ్చేవాళ్ళు? అసలు మొట్టమొదట ఇచ్చినాయన ఎందుకిచ్చాడు? నేనివ్వనంటే ఏం చేసేవాళ్ళు?"

గంట కొట్టారు కాబట్టి బతికిపోయాను. వచ్చే శుక్రవారం మళ్ళీ అదే క్లాసు. పుస్తకంలో ఉన్న జవాబు ఒకటే: పంట మిగిలింది, అందువల్ల రాజ్యం పుట్టింది. మిగిలిన గింజలు వాటంతటవే నడిచి ఎవరి గాదెలోకో పోవు కదా! ఆ మధ్యలో ఏం జరిగిందో ఎవరైనా చెప్పగలరా? తొమ్మిదో తరగతి పిల్లలకు అర్థమయ్యేలా.

గోదారిగట్టు
ఆదివారం, రాత్రి 9:15

నీళ్ళమ్మా, నీళ్ళు. ఇంకో జవాబు లేదు.

నీటిపారుదలలో 31 ఏళ్ళు చేసి రిటైరైనవాణ్ణి. నాకు లోకమంతా కాలవలాగే కనిపిస్తుందని మా ఆవిడ అంటుంది, అది వేరే సంగతి. దక్షిణ ఇరాక్‌లో ఏడాది మొత్తానికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. పోనీ నది ఉందిలే అనుకుంటే, యూఫ్రటీసు, టైగ్రిసులకు వరద వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో, ఎగువ కొండల మీద మంచు కరిగాక. మన గోదారి ఆషాఢ శ్రావణాల్లో పొంగుతుంది, నాట్లకు పనికొస్తుంది. వాళ్ళకు చేను కోతకొచ్చిన రోజుల్లో మీద పడుతుంది. కావాల్సినప్పుడు ఉండదు, వద్దన్నప్పుడు వస్తుంది. కాబట్టి కాలవ తవ్వాలి, గట్టు కట్టాలి, ఎవరి తూము ఎప్పుడెత్తాలో చెప్పేవాడు ఒకడుండాలి. ఆ చెప్పేవాడే ప్రభుత్వం. వాడికిచ్చే గింజలే నీటి తీరువా.

లష్కరు, అంటే కాలవ కాపలాదారు, లేని కాలవ ఎన్నాళ్ళుంటుందో మా డెల్టాలో ఎవర్నడిగినా చెబుతారు.

మట్టిపలక
ఆదివారం, రాత్రి 10:02

గట్టు గారూ, మీ అనుభవానికి దండం. కానీ ఈ వాదన పాతబడింది. పెద్ద పెద్ద నీటి పనుల వల్లే నిరంకుశ రాజ్యాలు పుట్టాయని 1957లో చరిత్రకారుడు కార్ల్ విట్‌ఫోగెల్ గట్టిగా రాశాడు. ఆ తర్వాత పురావస్తు శాస్త్రవేత్త రాబర్ట్ ఆడమ్స్ ఏళ్ళ తరబడి దక్షిణ ఇరాక్ తిరిగి పాత ఊళ్ళ దిబ్బలు, ఎండిపోయిన కాలవల జాడలు పటాల మీదికి ఎక్కించాడు. తొలినాటి కాలవలు చాలా చిన్నవని తేలింది. నదీపాయ పక్కనే గండి కొట్టి ఊరివాళ్ళే తిప్పుకున్నవి. వాటికి రాజు అక్కర్లేదు. పెద్ద కాలవలు వచ్చింది రాజ్యాలు వచ్చిన తర్వాత.

అంటే కాలవ రాజును కనలేదు. రాజే తర్వాత పెద్ద కాలవ తవ్వించాడు.

గోదారిగట్టు
ఆదివారం, రాత్రి 10:20

తవ్వడం సంగతి మీరు చెప్పారు. పూడిక సంగతి చెప్పలేదు. కాలవ తవ్వడం ఒక్కసారి. పూడిక తీయడం ఏటేటా. ఆ నదుల్లో ఒండ్రు మనకన్నా ఎక్కువ. ఒక్క ఏడు ఊరుకుంటే చివరి భూములకు నీరందదు. "మా వాటా మేం తీశాం, పైవాళ్ళు తీయలేదు" అనే తగాదా ఆ రోజే మొదలవుతుంది. ఆ తగాదా తీర్చేవాడు రాజు కాకపోతే మరెవరు?

మట్టిపలక
ఆదివారం, రాత్రి 10:41

ఇది మాత్రం ఒప్పుకుంటాను. ఇంకో అడుగు ముందుకు కూడా వేస్తాను. మేడమ్ గారు "మొదటి పన్ను" అంటే గింజలు అనుకుంటున్నారు. నాకు అది చాకిరీ అనిపిస్తుంది.

దక్షిణ మెసొపొటేమియాను సుమేరు అంటారు. అక్కడి సుమేరు భాషలో "దుసు" అని ఒక మాట ఉంది. అర్థం తట్ట. మట్టి మోసే తట్ట. అదే మాటకు రాజ్యం కోసం చేసే నిర్బంధపు పని అనే అర్థం కూడా ఉంది. లగష్ అనే సుమేరు నగర రాజ్యపు రాజు ఊర్-నాన్షె, క్రీ.పూ. 2500 ప్రాంతం వాడు, తన బొమ్మను తనే చెక్కించుకున్న రాతిఫలకం ఒకటి పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. నెత్తిన తట్ట, ఎదురుగా పిల్లలు వరసగా నిలబడి ఉంటారు. గుడి కట్టడానికి తొలి తట్ట నేనే మోశానని చెప్పుకోవడం అది. ఇవాళ మన నాయకులు గునపం పట్టుకుని ఫొటో దిగినట్టే. ఆ ఒక్క తట్ట తర్వాత మిగతా తట్టలన్నీ ఎవరు మోశారో మీకు తెలుసు.

పలకాబలపం
ఆదివారం, రాత్రి 10:58

ఈ తట్ట సంగతి పిల్లలకు భలే ఎక్కుతుంది. మా ఊళ్ళో ఉపాధి పని ప్రతి ఇంట్లోనూ తెలుసు. కానీ ప్రశ్న అక్కడే ఉంది: ఎందుకు మోశారు?

మట్టిపలక
ఆదివారం, రాత్రి 11:30

అన్నం పెట్టారు కాబట్టి.

ఉరుక్ అనే నగరం చూడండి. క్రీ.పూ. 3100 నాటికి 250 హెక్టార్ల దాకా విస్తరించింది. అక్కడా, ఆ కాలపు ఇతర ఊళ్ళలోనూ, ఇరాన్ నుంచి సిరియా దాకా ఒకే రకం గిన్నె దొరుకుతుంది. అచ్చులో అదిమి తీసిన మొరటు మట్టిగిన్నె, అంచు ఏటవాలుగా కోసినట్టుంటుంది. చాలావాటిలో లీటరు కూడా పట్టదు. అందం లేదు, రంగు లేదు, నగిషీ లేదు. కుప్పలు తెప్పలుగా దొరుకుతాయి. కొన్ని చోట్ల తవ్వకంలో వచ్చే పెంకుల్లో సగానికి పైగా ఇవే.

తొలి రాతలో "తిను" అనడానికి మనిషి తల గీసి, నోటి దగ్గర ఒక గిన్నె గీశారు. ఆ గిన్నె ఆకారం ఇదే. పనికొచ్చినవాడికి రోజుకింత కొలిచి పెట్టిన బత్తెం గిన్నె అని చాలామంది పండితుల మాట. రొట్టెలు కాల్చిన అచ్చు అనేవాళ్ళూ ఉన్నారు. నేను మొదటి పక్షం.

మీ అమ్మాయి ప్రశ్న తిరగేసి చూడండి. మొదట ఊరివాడు రాజుకు ఇవ్వలేదు. పెద్ద ఇంటివాళ్ళే ఊరివాడికి గిన్నె నింపి పెట్టారు. గిన్నె అందుకున్నాక తట్ట ఎత్తకుండా ఉండలేడు.

లెడ్జరు_లక్ష్మి
సోమవారం, ఉదయం 7:12

రాత్రి పడుకున్నాక మంచి గొడవే జరిగినట్టుంది.

మట్టిపలక గారూ, ఒక్క సందేహం. గిన్నె నింపినవాడికి గింజలెక్కడివి? మీరు ప్రశ్నను ఒక మెట్టు వెనక్కి జరిపారు, అంతే. ఆడిట్‌లో ఇలా చెబితే నేనైతే సంతకం పెట్టను.

నాకు తెలిసిన కోణం చెబుతాను. ఉరుక్‌లో దొరికిన తొలి పలకలు దాదాపు 5,000. వాటిలో కవిత్వం లేదు, దేవుడి స్తోత్రం లేదు, రాజుగారి విజయం లేదు. పదింట ఎనిమిది తొమ్మిది పద్దులే. ఇన్ని గొర్రెలు, ఇంత బార్లీ, ఇన్ని కుండల బీరు. మిగిలినవి గుమాస్తాలు నేర్చుకోవడానికి రాసుకున్న మాటల జాబితాలు. ఒక పలక మీద 37 నెలల్లో 29,086 కొలతల బార్లీ అని లెక్క వేసి "కుషిమ్" అని చేవ్రాలు ఉంది. కుషిమ్ అన్నది మనిషి పేరో ఉద్యోగం పేరో తేలలేదు. మనిషి పేరే అయితే లోకంలో రాతలో మిగిలిన తొలి పేర్లలో అది ఒకటి. రాజు పేరు కాదు, ఋషి పేరు కాదు, స్టోర్‌కీపర్ పేరు. మా వృత్తివాళ్ళం కాలరెగరేయొచ్చు.

నా జవాబు: లెక్క రాసేవాడు వచ్చాక "ఇవ్వడం" కాస్తా "బాకీ" అయిపోయింది. నోటిమాట మీద ఇచ్చింది మరిచిపోవచ్చు. పలక మీదికి ఎక్కింది మరిచిపోవడం కుదరదు. సుమేరులో వడ్డీకి మాట "మాష్". అదే మాటకు మేకపిల్ల అని కూడా అర్థం. ఈనిన మేక పిల్లను చూసి ఎవడికి ఈ ఆలోచన వచ్చిందో గానీ! తర్వాతి బాబిలోనియా కాలానికి బార్లీ అప్పుకు మూడోవంతు, వెండి అప్పుకు ఐదోవంతు వడ్డీ మామూలైపోయింది.

పాలమూరు_పిల్లగాడు
సోమవారం, ఉదయం 9:30

లక్ష్మక్కా, జబర్దస్త్ చెప్పినవ్. నేను పురావస్తు శాస్త్రం ఎంఏ చదువుతున్న. ఒక్క మాట.

మీరందరు మిగులు పండితే రాజు వస్తడు, లెక్క రాస్తే రాజు వస్తడు అంటున్నరు. అదే టైంల మన దగ్గర ఏముండె? మా ఉట్నూరు చూడుండ్రి. పాత మహబూబ్‌నగర్ జిల్లాది, ఆదిలాబాద్ ఉట్నూరు గాదు. 1957ల ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్విండు. అది బూడిద దిబ్బ. కట్టెల దడి కట్టి పశువులను అండ్ల తోలెటోళ్ళు, పేడ పేరుకపోయినంక కాల్చెటోళ్ళు, మల్ల అక్కడ్నే దడి కట్టెటోళ్ళు. ఆ బూడిదల ఆవుల గిట్టల గుర్తులు అట్లనే ఉన్నయ్. క్రీ.పూ. 3000కు 2000కు నడుమ. అంటే లగష్‌ల రాజు తట్ట మోసిన దినాలే.

మంద ఉన్నదంటే మిగులు ఉన్నట్టే గదా. రాజు లేడు, పలక లేదు, గుడి లేదు. మంది బతికిన్రు. కాబట్టి మిగులు ఉంటే రాజ్యం రావాలె అని రూలేం లేదు. వచ్చిన కాడ ఎందుకు వచ్చిందో అది చెప్పుండ్రి.

డాలస్_బాబాయి
సోమవారం, రాత్రి 8:05 (మా దగ్గర పొద్దున్న)

భయంతో ఇచ్చారబ్బాయ్. ఇంత చర్చ ఎందుకు?

రెండేళ్ళ కింద మా అమ్మాయి కాలేజీ చూడ్డానికి ఫిలడెల్ఫియా వెళ్ళి, పెన్ మ్యూజియంలో ఊర్ నగరపు సమాధుల్లోంచి వచ్చిన సొమ్ము చూశాను. పూఅబి రాణి బంగారు ఆకుల తలకట్టు. చూస్తే కళ్ళు చెదురుతాయి. ఎర్ర కార్నీలియన్ రాతి పూసలున్నాయి, అవి మన సింధు లోయ వైపు నుంచి సముద్రం మీద వెళ్ళిన రకం. అంత దూరం పోయి మన పూసలు చూసి పొంగిపోయాను.

ఆ పక్క బోర్డు చదివాక పొంగు దిగిపోయింది. పురావస్తు శాస్త్రవేత్త లియొనార్డ్ వూలీ 1922 నుంచి 1934 దాకా తవ్వాడు. ఒక గుంటలో 74 మంది. 68 మంది ఆడవాళ్ళు, వరసలు వరసలుగా. యజమానితో పాటు పరలోకానికి. అందరూ విషం తాగి ప్రశాంతంగా పడుకున్నారని వూలీ రాశాడు. చాలా ఏళ్ళ తర్వాత రెండు పుర్రెలకు స్కాను తీస్తే, తల మీద బలమైన దెబ్బ కొట్టి చంపినట్టు తేలింది.

"ఇవ్వనంటే ఏం చేసేవారు" అని ఆ పాప అడిగిందిగా. ఇదీ జవాబు.

పలకాబలపం
సోమవారం, రాత్రి 8:30

బాబాయి గారూ, తొమ్మిదో తరగతికి ఇది చెప్పమంటారా!

డాలస్_బాబాయి
సోమవారం, రాత్రి 8:34

సారీ అమ్మా. పూసల వరకు చెప్పండి.

ఆదిభాష
సోమవారం, రాత్రి 9:10

ఎవరూ అసలు విషయం పట్టించుకోవడం లేదు. ఊర్ అంటే ఏమిటండీ? ఊరు! ఉరుక్ అంటే ఊరు! సుమేరు అంటే సు-మేరు! అంటే ఆ నాగరికత మనదే. తెలుగువాళ్ళే వెళ్ళి కట్టారు. దాన్ని మనవాళ్ళే ఒప్పుకోకపోతే ఎలా?

లెడ్జరు_లక్ష్మి
సోమవారం, రాత్రి 9:14

వచ్చేశారు.

మట్టిపలక
సోమవారం, రాత్రి 9:50

ఆదిభాష గారూ, కోపం తెచ్చుకోకండి. "ఊర్" అని ఇవాళ మనం రాస్తున్న ఊరికి సుమేరులో పేరు "ఉరిమ్". నగరం అనే మాట వేరే ఉంది, "ఉరు" లేదా "ఇరి". తమ దేశాన్ని వాళ్ళు "కియెంగి" అనుకున్నారు. సుమేరు అన్నది పొరుగున ఉన్న అక్కదు వాళ్ళు పిలిచిన "షుమెరు" నుంచి వచ్చింది. వాళ్ళ కొలత "సిల", సుమారు లీటరు. మన సోల కూడా కొలతే. ఇలా కలిసే ముక్కలు ఏ రెండు భాషల్లోనైనా పదో పాతికో దొరుకుతాయి. చుట్టరికం ఉందనాలంటే అంకెలు, శరీర భాగాలు, క్రియలు ఒక పద్ధతిలో కలవాలి. అలా కలిసే భాష ఇప్పటిదాకా ఒక్కటీ దొరకలేదు. సుమేరు భాషకు అమ్మానాన్నా తోబుట్టువులూ ఎవరూ లేరు.

నిర్వాహకురాలు
సోమవారం, రాత్రి 10:15

భాషల చుట్టరికం మీద వేరే చర్చ ఉంది, 61 పేజీలు నడుస్తోంది. అక్కడికి వెళ్ళండి. సింధు లోయలో రాజమందిరం ఎందుకు దొరకలేదన్న ప్రశ్నలు కూడా ఇక్కడ వద్దు, అదీ విడిగా ఉంది. ఇక్కడ మేడమ్ గారి ప్రశ్న ఒక్కటే. ఇందాక వెటకారం చేసినవాళ్ళు కూడా తగ్గండి.

మట్టిపలక
మంగళవారం, రాత్రి 11:48

పొద్దున్నుంచీ ఆలోచిస్తున్నాను. లక్ష్మి గారు నన్ను సరైన చోట పట్టుకున్నారు, గిన్నె నింపినవాడికి గింజలెక్కడివని. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

సుమేరులో "ఎ" అంటే ఇల్లు. గుడి దేవుడి ఇల్లు. దేవుడంటే అలంకారానికి అనడం కాదు, నిజంగానే ఇంటి యజమాని. పొలాలున్నాయి, ఎడ్లున్నాయి, మగ్గాల దగ్గర ఆడవాళ్ళున్నారు, బీరు తయారుచేసేవాళ్ళున్నారు. పూటపూటకూ విగ్రహానికి భోజనం పెట్టాలి, బట్టలు మార్చాలి. దేవుడి మాన్యం అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు కాబట్టి ఇది పిల్లలకు సులువుగా అర్థమవుతుంది. ఆ ఇంటి పెద్ద పాలేరు "ఎన్సి". నగరాన్ని దేవుడి తరఫున చూసుకునేవాడు. మరోపక్క "లుగల్". లు అంటే మనిషి, గల్ అంటే పెద్ద. పెద్దమనిషి. రాజు అనే మాట వాళ్ళకు ఇదే. ఆయన ఉండేది "ఎ-గల్", పెద్దిల్లు.

లగష్ రాజ్యంలో గిర్సు అనే ఊళ్ళో, ఇప్పుడు తెల్లో అంటారు, బావు అనే దేవత ఇంటి పద్దులు 1,700కు పైగా పలకలు దొరికాయి. క్రీ.పూ. 2400-2350 మధ్యవి. వాటిని చదివి అంటోన్ డైమెల్ అనే పండితుడు, సుమేరులో భూమంతా గుడిదే, జనమంతా గుడి కూలీలే అన్నాడు. ఆ మాట చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో నడిచింది. తర్వాత దియాకొనొఫ్, గెల్బ్ అనే పండితులు లెక్కలు మళ్ళీ వేసి, కుటుంబాల భూములు వేరే ఉన్నాయని చూపించారు. భూమి అమ్మకపు పత్రాలున్నాయి మరి. అమ్మినవాళ్ళలో అన్నదమ్ములు, దాయాదులు అందరి పేర్లూ, కానుకలు పుచ్చుకున్న బంధువుల పేర్లూ ఉంటాయి. మన పాత దస్తావేజుల్లో సాక్షుల వరసలాగా.

నాకు తోచింది ఇదీ: మొదటి గింజలు బయటివాడి నుంచి వసూలు చేసినవి కావు. ఇల్లు పెద్దదైంది. బాకీ తీర్చలేనివాడు, కరువులో బిడ్డను తెచ్చి వదిలినవాడు, విధవ, అనాథ, యుద్ధంలో పట్టుకొచ్చిన ఆడది, వీళ్ళంతా ఆ ఇంట్లోకి వచ్చారు. వాళ్ళు పండించింది ఆ ఇంటి గాదెలోకే వెళ్ళింది. వాళ్ళకే గిన్నెతో కొలిచి పెట్టారు. తర్వాతెప్పుడో క్రీ.పూ. 2100 నాటికి ఊర్ రాజ్యంలో అది స్థిరపడిపోయింది: మగవాడికి నెలకు 60 సిలల బార్లీ, ఆడదానికి 30. (అవును, సగం. పని మాత్రం సగం కాదు.)

అంటే తొలి ప్రభుత్వం అంటే ఊరంత పెరిగిన ఇల్లు. పన్ను వేయాలనే ఆలోచన తర్వాతిది, ఇంటి బయట ఉన్నవాడి మీద కూడా చెయ్యి చాపినప్పుడు.

గోదారిగట్టు
బుధవారం, ఉదయం 6:40

ఇది బాగుంది. పూడిక మాట కూడా ఎక్కడో ఇరికిస్తే ఇంకా బాగుండేది.

లెడ్జరు_లక్ష్మి
బుధవారం, ఉదయం 7:55

ఇప్పుడు సంతకం పెడతాను.

అయితే ఆ బయటివాడి మీద చెయ్యి చాపిన కథ మీరు చెప్పకుండా వదిలేశారు. అదీ గిర్సులోనే ఉంది. ఉరుకగిన. నాకు ప్రాణం ఆయన.

మేడమ్ గారూ, పిల్లలకు ఇది చెప్పండి. క్రీ.పూ. 2350 ప్రాంతంలో లగష్‌కు రాజయ్యాడు. వచ్చీరాగానే, నాకు ముందున్నవాళ్ళు ఏమేం దోచుకున్నారో అంటూ మట్టి శంకువుల మీద రాయించాడు. ఎన్సి ఉల్లి, దోస తోటలు దేవుడి మంచి పొలాల్లో పెట్టారట. దేవుడి ఎడ్లతో ఎన్సి తోట దున్నారట. పడవల అధికారి పడవలు లాక్కున్నాడు, చేపల అధికారి చేపలు లాక్కున్నాడు. పొలిమేర నుంచి సముద్రం దాకా వసూలుదార్లేనట. శవాన్ని పూడ్చడానికి తీసుకెళితే 7 కుండల బీరు, 420 రొట్టెలు గుంజేవారు. దాన్ని 3 కుండలు, 80 రొట్టెలకు తగ్గించాడు. తగ్గించాడు చూడండి, తీసేయలేదు. కాటి దగ్గర కూడా ఫీజు ఉంటుందన్నది ఆయన కూడా కాదనలేకపోయాడు.

నాకు బాగా నచ్చేది గాడిద సంగతి. చిన్న ఉద్యోగి ఇంట్లో మంచి గాడిదపిల్ల పుట్టి, పైఅధికారి కొంటానంటే, "నా మనసుకు నచ్చినంత వెండి ఇవ్వు" అని ఆ చిన్నవాడు అడగొచ్చు. అమ్మనంటే పైవాడు కొట్టకూడదు. "నేనివ్వను" అనే హక్కు రాతలో కనిపించే తొలి చోట్లలో ఇదొకటి. మీ వెనక బెంచీ అమ్మాయికి ఈ గాడిద నా తరఫున.

మట్టిపలక
బుధవారం, మధ్యాహ్నం 1:20

లక్ష్మి గారూ, మీ ప్రాణాన్ని కొంచెం కదిలిస్తాను. ఆయన రాజు కొడుకు కాదు, గద్దె లాక్కున్నవాడే కావచ్చు. ముందువాణ్ణి తిట్టడం అలాంటివాడికి అవసరం. బావు దేవత ఇల్లు అన్నాను కదా, ఆయన రాకముందు దాని పేరు "ఎ-మి", అంటే రాణిగారి ఇల్లు. ముందు రాజు లుగలందా భార్య బరనమ్‌తర దాన్ని నడిపింది. అదబ్ అనే నగరపు రాణితో కానుకలు ఇచ్చిపుచ్చుకుంది, వ్యాపారం చేయించింది. ఉరుకగిన వచ్చి "ఆస్తి దేవుళ్ళది, నాది కాదు" అని ఇంటి పేరు బావు ఇల్లుగా మార్చాడు. నడిపింది మాత్రం ఎవరనుకున్నారు? ఆయన భార్య షాషా. కూలీలు తగ్గలేదు, పెరిగారు.

లెడ్జరు_లక్ష్మి
బుధవారం, మధ్యాహ్నం 1:31

ఖాతా పేరు మార్చి అదే సొమ్ము వాడుకోవడం. సరే, తెలిసిన పద్ధతే.

అయినా గాడిద గాడిదే. ఆ మాట రాసి ఉంది.

పలకాబలపం
బుధవారం, సాయంత్రం 5:40

స్వేచ్ఛ అనే మాట కూడా ఇక్కడే మొదటిసారి కనిపిస్తుందని ఎక్కడో చదివాను. నిజమేనా?

మట్టిపలక
బుధవారం, సాయంత్రం 6:15

"అమర్-గి" అంటారు. ఉరుకగినకు ముందే, అదే లగష్‌లో ఎన్‌మెతెన రాజు శాసనంలో ఉంది. అక్షరాలా అర్థం "తల్లి దగ్గరికి తిరిగి పోవడం". అప్పు కింద పరాయి ఇంట్లో పనికి ఉన్న బిడ్డ, బాకీ కొట్టేశాక అమ్మ దగ్గరికి వెళ్ళడం. తర్వాత ఆరువందల ఏళ్ళకు బాబిలోనియా రాజు హమ్మురాబి శాసనం కూడా అదే గొడవ పడుతుంది: అప్పు కోసం భార్యనో కొడుకునో కూతురినో ఇస్తే మూడేళ్ళు పని చేయించుకుని, నాలుగో ఏట వదిలేయాలి.

"ఇవ్వనంటే ఏం చేసేవారు" అన్నదానికి చాలావరకు జవాబు ఇదే. బిడ్డను పట్టుకెళ్ళేవారు.

పాలమూరు_పిల్లగాడు
బుధవారం, రాత్రి 9:45

అన్నా, ఇంకో జవాబు గూడ ఉన్నది. ఇయ్యనన్నోళ్ళు గెలిచిన కథ.

ఇరాక్ కుర్దిస్తాన్‌ల షఖి కోరా అని ఒక దిబ్బ. గ్లాస్గో యూనివర్సిటీ వాళ్ళు తవ్విన్రు, 2024ల పేపర్ వచ్చింది. క్రీ.పూ. నాలుగో వెయ్యేండ్లది. నువ్వు చెప్పిన ఏటవాలు అంచు గిన్నెలు అక్కడ మస్తుగ దొరికినయ్. లోపట అంటుకున్న జిడ్డు పరీక్ష చేస్తే మాంసం వండి పెట్టినట్టు తెలిసింది. అంటే ఉత్త గట్క గాదు, కూర గూడ పెట్టిన్రు. పెద్దిల్లు, కొలిచి పెట్టుడు, అంత ఉరుక్ లెక్కనే.

తర్వాత ఆ పెద్దిల్లు ఖాళీ అయింది. కాల్చినట్టు లేదు, లడాయి అయినట్టు లేదు. జనం వదిలిపెట్టి తమ చిన్న పల్లెలకు పోయిన్రు. మల్ల కొన్ని వందల ఏండ్ల దాక ఆ ఇలాకల అట్లాంటి పెద్దిల్లు లేవలేదు. మాకు మీ గిన్నె వద్దు, మీ తట్ట వద్దు అన్నట్టు అని తవ్వినోళ్ళ మాట.

డాలస్_బాబాయి
బుధవారం, రాత్రి 9:58

ఇది పిల్లలకు చెప్పొచ్చు. నా పుర్రెల కన్నా మేలు.

గోదారిగట్టు
బుధవారం, రాత్రి 10:10

వాళ్ళు వెళ్ళగలిగారు, ఎందుకంటే అక్కడ కొండల పక్క కాబట్టి వాన పడుతుంది. దక్షిణాన పెద్ద కాలవ వదిలి ఎక్కడికి పోతాడు? ఎటుపోయినా ఎడారి, చౌడు. చూశారా, మళ్ళీ నీళ్ళ దగ్గరికే వచ్చాం.

మట్టిపలక
బుధవారం, రాత్రి 10:13

ఈసారి నా దగ్గర సమాధానం లేదు గట్టు గారూ. మీ మాటే ఉండనీయండి.

ఆదిభాష
గురువారం, ఉదయం 8:20

ఊరు సంగతి వదిలేశాను. 61 పేజీలూ చదివాను కూడా. కానీ ఒక్కటి అడగనివ్వండి, ఇది చుట్టరికం గురించి కాదు.

మట్టిపలక గారు "ఎ-గల్" అంటే పెద్దిల్లు, రాజుగారి ఇల్లు అన్నారు. ఆ మాట అక్కదు భాషలో "ఎకల్లు" అయింది, హీబ్రూలో "హేఖల్" అయింది. హీబ్రూలో దానికి రాజమందిరం అనీ అర్థం ఉంది, గుడి అనీ అర్థం ఉంది. జెరూసలేం ఆలయాన్ని ఆ మాటతోనే పిలిచారు. మన "కోవెల" చూడండి. తమిళ "కోయిల్" నుంచి వచ్చింది. "కో" అంటే రాజు, "ఇల్" అంటే ఇల్లు. రాజు ఇల్లు కాస్తా గుడి అయింది. అక్కడా ఇక్కడా ఒకరికొకరు తెలియకుండానే ఒకే దారిన వెళ్ళారు కదా? గుడి ముందా, రాజు ముందా అని మనం నాలుగు రోజుల నుంచి కొట్టుకుంటున్నాం. ఆ మాటలు పలికినవాళ్ళకు ఆ తేడా ఉన్నట్టు లేదు.

మట్టిపలక
గురువారం, ఉదయం 8:52

ఆదిభాష గారూ, చేతులెత్తి నమస్కారం. నాకు ఎన్నేళ్ళ నుంచో రెండు మాటలూ తెలుసు. పక్కపక్కన పెట్టుకు చూడలేదు.

లెడ్జరు_లక్ష్మి
గురువారం, ఉదయం 9:03

సోమవారం నా వెటకారం వెనక్కి తీసుకుంటున్నాను.

పలకాబలపం
శుక్రవారం, సాయంత్రం 6:20

క్లాసు అయింది. బోర్డు మీద తల బొమ్మ, నోటి దగ్గర గిన్నె గీసి ఏమిటో చెప్పమన్నాను. సగం మంది "అన్నం తిను" అన్నారు, ఒకడు "మధ్యాహ్న భోజనం" అన్నాడు. ఐదువేల ఏళ్ళ కిందటి రాత చదివేశారని చెప్తే గోల గోల. తట్ట కూడా తెప్పించాను, రాజు తట్ట మోసిన బొమ్మ ఒకడు నటించి చూపించాడు. గాడిద సంగతికి చప్పట్లు కొట్టారు. లక్ష్మి గారికి చెప్పమన్నారు. షఖి కోరా వాళ్ళు ఇల్లు వదిలి వెళ్ళిపోయారంటే "మంచి పని చేశారు" అని ముందు బెంచీ తీర్పు.

వెనక బెంచీ అమ్మాయి చివరిదాకా మాట్లాడలేదు. గంట కొట్టబోతుంటే లేచింది. "టీచర్, అన్ని వేల గిన్నెలు కడిగిందెవరు?"

ఏం చెప్పను?

మట్టిపలక
శుక్రవారం, సాయంత్రం 6:48

ఎవరూ కడగలేదనే నా అనుమానం. పగలనివి కూడా కుప్పలుగా దొరుకుతాయి. మన విస్తరాకు లాగా, తిన్నారు, పారేశారు. అచ్చులో నిమిషానికొకటి తీయగలిగినదాన్ని కడగడం దండగ.

గోదారిగట్టు
శుక్రవారం, సాయంత్రం 7:05

మరి ఆ దిబ్బ ఎత్తిపోసిందెవరు? మళ్ళీ తట్టేనా?

పాలమూరు_పిల్లగాడు
శుక్రవారం, సాయంత్రం 7:11

ఎత్తిపోసుడేం లేదు సార్. సదును చేసి దాని మీదనే మల్ల ఇల్లు కట్టుకున్నరు.